పెద్దనాయిన ఇస్పేటు కష్టాలు

నల్గొండ
2025 జనవరి 19

అరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. తిట్టుకో, కానీ చదువు. ఇంట్లో అందరూ బాగున్నారు, అమ్మ మోకాళ్లు అట్లనే ఉన్నాయి, జిరాక్స్ షాపు నడుస్తోంది. వార్తలు అయిపోయాయి.

2024 వీడియో ఆటల్లో ఏది కొనాలి అని అడిగావు కదా. డిసెంబర్‌లో గేమ్ అవార్డ్స్‌లో ఏడాది ఉత్తమ ఆట అని మొదటి బహుమతి ఆస్ట్రో బాట్ గెలిచింది. మంచిదే, కానీ టీవీకి తగిలించే పీఎస్5 పెట్టె ఉండాలి, నీ దగ్గరా లేదు నా దగ్గరా లేదు. బ్లాక్ మిత్ వుకాంగ్‌కు 130 జీబీ జాగా కావాలి, నా కంప్యూటర్ ఆ పేరు వింటేనే ఆగిపోతుంది. మెటాఫర్, ఫైనల్ ఫాంటసీ పూర్తి చేయాలంటే ఉద్యోగం మానేయాలి. ఎల్డెన్ రింగ్‌కు వచ్చిన కొత్త భాగాన్ని ఏడాది ఉత్తమ ఆటల్లో నిలబెట్టడం నాకు నచ్చలేదు. పాత ఇంటి మీద కట్టిన అంతస్తును కొత్త ఇల్లని ఎట్లా అంటాం? దాని మీద మనం తర్వాత కొట్లాడుకుందాం. మొదటి బహుమతి పోటీలో లేదు కానీ, యానిమల్ వెల్ మాత్రం తప్పకుండా ఆడు. ఒక్కడే కూర్చుని ఏళ్లపాటు చేశాడు, మొత్తం ఆట 40 ఎంబీ లోపే!

ఇప్పుడు అసలు సంగతి. మొదటి బహుమతికి పోటీపడ్డ ఆరు ఆటల్లో ఆరోది బలాట్రో, పేక ముక్కలతో పాయింట్లు కొట్టే ఆట. దీని వల్ల పండుగ పూట మా ఇంట్లో పంచాయతీ అయింది. ఛాయా సోమేశ్వరుడి మీద ఒట్టు.

సంక్రాంతికి నకిరేకల్ దగ్గర మా పెద్దనాయిన వాళ్ల ఊరికి పోయాం. కనుమ నాడు మటన్ తిని, వాకిట్లో మంచం మీద ఒరిగి ఫోన్ తీశాను. మీద నీడ పడింది.

"ఏందిరా అది?"

"గేమ్ పెద్దనాయినా."

"గేమ్ అంటే నాకు తెల్వదా? అవి పేకలు. ఎన్ని పైసలు పెట్టినవ్?"

వాకిలంతా సైలెంట్. చిన్నాయిన అక్కడే కోళ్లకు నూకలు చల్లుతున్నాడు, తల కూడా ఎత్తలేదు. చెరువు కింది పొలం ఎట్లా పోయిందో నీకు తెలుసు కదా. ఆ తర్వాత మా ఇళ్లల్లో పేక అన్న మాటే ఎవరూ ఎత్తరు. 2017లో మన రాష్ట్రంలో ఆన్‌లైన్ రమ్మీ బంద్ పెట్టినప్పుడు పెద్దనాయిన హోటల్ దగ్గర అందరికీ చాయ్ తాగించాడు. అట్లాంటి మనిషి ముందు నేను... సరే.

నాకు కోపం రాలేదురా, నిజంగా. ఎందుకంటే యూరప్‌లో ఆటలకు వయసు ముద్ర వేసే వాళ్లు కూడా అచ్చం ఇట్లనే చేశారు. ముందు మూడేళ్ల పిల్లలు కూడా ఆడొచ్చు అన్నారు. తర్వాత పేకలు చూసి భయపడి 18 చేశారు, కొన్ని చోట్ల కొన్నాళ్లు అమ్మకం కూడా ఆగింది. లోపల ఏ ఆటగాడు ఉన్నాడో తెలియని ప్యాకెట్లు నిజం డబ్బుతో కొనిపించే ఫుట్‌బాల్ ఆటకు మాత్రం మూడేళ్లు నిండితే చాలన్నారు! బలాట్రో చేసినవాడు మొన్న డిసెంబర్‌లో దీని మీద బాగా ఎత్తిపొడిచాడు. లోకల్‌థంక్ అంటాడు, కెనడా మనిషి, అసలు పేరు బయటపెట్టడు. తన ఆటను ఏ జూదం కంపెనీకీ ఎప్పటికీ అమ్మకూడదని వీలునామా రాసి పెట్టాడు. ఇదే పెద్దనాయినకు చెప్పాను. వీలునామా అనగానే మనిషి మంచం మీద కూర్చున్నాడు.

"పైసలు లేకుంటే మరి ఎందుకు ఆడుడు?"

చూపించాను. 5 నుంచి 9 దాకా వరుస. ముక్కల విలువ 35, వరుసకు ఇంకో 30, మొత్తం 65. దానికి నాలుగింతలు, 260. గెలవడానికి కావాల్సింది 450 పాయింట్లు. పైన మామూలు జోకర్ ఒకడు కూర్చుంటే నాలుగు కాస్తా ఎనిమిది అవుతుంది, 520. గెలిచాం. లెక్క అంటే ఆయనకు ఎట్లా ఉంటుందో నీకు తెలుసు, పత్తి కాంటా దగ్గర చూశావు కదా!

ఇంక మొదలైంది. జోకర్‌ను ముక్కల మధ్యలో పెట్టమంటాడు. అది రమ్మీ పెద్దనాయినా, ఇక్కడ జోకర్ పైనే ఉంటాడు, లెక్క మారుస్తాడు అంతే అంటే వినడు. "మూడు ముక్కలకే సీక్వెన్స్ అయితది, అయిదెందుకు?" అని గొడవ. అదృష్టం చూడు, ఆటలో తర్వాత వచ్చిన దుకాణంలో నాలుగు ముక్కలతోనే వరుస ఒప్పుకునే జోకర్ దొరికాడు. "నేను చెప్పలే?" అని ఫోన్ లాక్కున్నాడు. అంతే, మళ్లీ నా చేతికి రాలేదు.

ఇస్పేటు ముక్కల మీదే ఆశ పెట్టుకుని, చివర్లో అడ్డం పడే బాస్ దాకా వచ్చాడు. వచ్చిన బాస్ ఎవరు? ఇస్పేటు ముక్కలు వేటికీ విలువ లేకుండా చేసేవాడు. అయిదు ఇస్పేట్లు దించితే 280 దగ్గరే ఆగింది. "ఇస్పేటుకు ఏం రోగమొచ్చింది?" అని ఆయన అరిచిన అరుపుకు పక్కింటి కుక్క మొరిగింది. అప్పుడు... చిన్నాయిన నూకల చాట పక్కన పెట్టి వచ్చి, వెనక నిలబడి, చాలా నెమ్మదిగా "అన్నా, ఆటీన్ రాణి ఉంచుకోవాల్సింది" అన్నాడు.

పెద్దనాయిన ఆయన వైపు చూశాడు. ఒక్క క్షణం నాకు టెన్షన్ పట్టుకుంది. తర్వాత మంచం మీద కొంచెం జరిగాడు. ఎన్నేళ్లయిందిరా వాళ్లిద్దరూ ఒక మంచం మీద కూర్చుని. దాని గురించి ఇంకేం రాయాలో కూడా...

పోనీ. నన్నడిగితే మొదటి బహుమతి దీనికే ఇవ్వాల్సింది. మూడు అవార్డులు ఇచ్చారు, కొత్తవాడు చేసిన మంచి ఆట అని, చిన్న సంస్థల్లో మంచిదని, ఫోన్ ఆటల్లో మంచిదని. చాలదు. ఒక్కసారి కొంటే మళ్లీ రూపాయి అడగదు, యాడ్స్ ఉండవు. నువ్వు ఇదే కొను.

అసలు పెద్దమ్మ సంగతి చెప్పాలి. ఇదంతా వంటింటి గడపలోంచి చూస్తూ ఒక్క మాట అనలేదా, రాత్రి అందరూ పడుకున్నాక నా దగ్గరికి వచ్చి ఫోన్ అడిగి, కళ్లద్దాలు పెట్టుకుని... ఆగు, కాలేజీ పిల్లలు ప్రింట్లకు గుంపుగా వచ్చారు. ప్రింటర్‌ను వేరేవాళ్లు ముట్టుకుంటే పేపర్ మింగుతుంది. ఉంటారా.

నీ
గడియారం సెంటర్ దొంగ