బెల్‌గ్రేడ్ వెళ్లే సభ్యులకు

సభ్యులందరికీ నమస్కారం. సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌కు బయలుదేరే మిత్రులు ముందుగా వీసా సంగతి చూసుకోవలసిందిగా మనవి. భారతీయులకు అదివరకున్న మినహాయింపు 2023 జనవరి 1 నుంచి రద్దయింది. అక్కడ చెల్లేది దినార్లే. 2025 జనవరి నుంచి సిటీ బస్సుల్లో, ట్రాముల్లో టికెట్ అక్కరలేదు.

సావా నది డాన్యూబ్‌లో కలిసేచోట గుట్టమీదున్న కాలెమెగ్దాన్ కోటలో సాయంత్రం గడిపాక, నడక దూరంలోనే, సబోర్నా చర్చికి ఎదురుగా ఉన్న పాత కఫానాకు (అంటే అక్కడి కాఫీ, భోజన హోటల్) తప్పక వెళ్లండి. 1823 నాటి ఆ ఇంటి బోర్డు మీద పేరుండదు, ప్రశ్నార్థకం మాత్రమే ఉంటుంది. 1892లో యజమాని దానికి చర్చి పేరు కలిసొచ్చేలా పేరు పెడితే చర్చివారు అభ్యంతరం చెప్పారు. తాత్కాలికంగా తగిలించిన ఆ గుర్తే చివరకు స్థిరపడిపోయింది. కాఫీని పొడవాటి పిడి ఉన్న చిన్న గిన్నెలో కాస్తారు, వడకట్టరు. పొడి అడుగుకు దిగేదాకా ఓపిక పట్టాలి, మనకు అదే కష్టం. కఫానాల లోపల సిగరెట్ పొగ మామూలే కనుక, పడనివారు బయట బల్ల అడగడం మేలు.

శాకాహారులు 'పోస్నో' అని అడిగితే మాంసం, పాలు, గుడ్లు లేని ఉపవాస వంటకాలు చూపిస్తారు. అయితే వాటిలో చేప ఉండవచ్చు, కాబట్టి చేప కూడా వద్దని విడిగా చెప్పాలి.