పిడుదు కాటు, దద్దుర్లు, మన బడితోట

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఏడో తరగతి బాబుకు పిడుదు కుట్టాక జ్వరం, ఒంటి నిండా దద్దుర్లు వచ్చాయనీ, అందుకు బడితోటే కారణమనీ మీ వాట్సాప్ గ్రూపుల్లో చెప్పుకుంటున్నట్టు తెలిసింది. బాబు కోలుకుని బడికి వస్తున్నాడు. ఈ జ్వరం ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు కాబట్టి, అతని పక్కన కూర్చోవద్దని దయచేసి మీ పిల్లలకు చెప్పకండి.

కుక్కలకు పట్టే పిడుదుల వల్ల టిక్ టైఫస్, పొదల్లో ఉండే కంటికి ఆనని చిగ్గర్లనే పురుగుల వల్ల స్క్రబ్ టైఫస్ అనే జ్వరాలు వస్తాయి. మొదటిదానిలో దద్దుర్లు అరచేతులకు, అరికాళ్లకు కూడా పాకుతాయి. రెండోదానిలో కుట్టినచోట చాలామందికి సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది; అది నొప్పి పెట్టదు, ఎక్కువగా చంకలోనో గజ్జల్లోనో ఉంటుంది, అందుకే తేలిగ్గా కంటపడదు. వానాకాలంలో డెంగీ, స్క్రబ్ టైఫస్ ఒకే పిల్లవాడికి కలిసి రావచ్చు గనుక, డెంగీ అని తేలినా జ్వరం వదలకపోతే, పురుగు కుట్టిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. సకాలంలో గుర్తిస్తే ఈ రెండు టైఫస్‌లూ డాక్సీసైక్లిన్ అనే మందుకు లొంగుతాయి.

బాబు అరచేతుల్లో మచ్చలు చూసి అతన్ని నా గదికి తీసుకొచ్చింది ఎనిమిదో తరగతి సైన్స్ క్లబ్ అమ్మాయిలు. ఇంట్లో కుక్క ఉందా అని అడిగింది కూడా వాళ్లే. ఆ కుక్క చెవి వెనకనుంచి తీసిన పిడుదును సీసాలో తెచ్చి, ఎనిమిది కాళ్లు లెక్కపెట్టి, ఇది కీటకం కాదు, సాలీడుకు చుట్టమని బోర్డు మీద బొమ్మ గీసి చూపించారు. వాళ్లను చూసి నా మనసు నిండిపోయింది.

తోట మూసేయమని కొందరు అడిగారు. మూయను. మధ్యాహ్న భోజనంలో కూర పక్కకు నెట్టే పిల్లలు, తాము నీళ్లు పోసి పెంచిన బచ్చలికూరను మారు అడిగి వడ్డించుకుంటున్నారు. విత్తనం మొలకెత్తడాన్ని, పురుగు ఆకు తినడాన్ని కళ్లారా చూసే చోటు ఈ బడిలో అదొక్కటే. గట్ల మీద గడ్డి కోయించాం, ఇకపైనా కోయిస్తూనే ఉంటాం.

మీ వంతు పనులు కూడా కొన్ని ఉన్నాయని గౌరవంతో మనవి చేస్తున్నాను. పిడుదును అగ్గిపుల్లతో కాల్చడం, కిరోసిన్ పోయడం, గోళ్లతో నలపడం మానండి. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగి, సబ్బుతో కడగండి. పిడుదులున్న కుక్కను పిల్లల పక్కలో పడుకోనివ్వకండి. పొద్దున జ్వరం బిళ్ల వేసి బడికి పంపకండి; మధ్యాహ్నానికి ఒళ్లు కాలిపోతుంది.

 

శనివారం తోటపనికి పొడవు చేతుల చొక్కా, మేజోళ్లు, బూట్లు వేసి పంపండి. ఇంటికి రాగానే స్నానం చేయించి, చెవుల వెనక, చంకల్లో, మోకాళ్ల వెనక ఒకసారి చూడండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు