హ్యాకథాన్లు చూసినం, ఇక వరంగల్‌లో ఒక స్ప్రింట్ పెట్టండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మన వరంగల్, హన్మకొండ కాలేజీలల్ల హ్యాకథాన్లు, అంటే రెండు రోజులు కూర్చొని కోడింగ్ చేసే పోటీలు, బాగానే జరుగుతున్నయి, ఫ్లెక్సీలు, ప్రైజ్ మనీ, చీఫ్ గెస్టు, రాత్రంతా మేలుకొని చేసిన ప్రాజెక్టులు అన్నీ ఉంటయి కానీ సోమవారం వచ్చేసరికి ఆ కోడ్‌ను మళ్ల తెరిచి చూసేటోళ్లే ఉండరు. అదే పిల్లలు అదే రెండు రోజులు కూర్చొని, జనం రోజూ వాడుతున్న ఓపెన్ సోర్స్ (కోడ్‌ను ఎవరైనా చూసి మార్చగలిగే) సాఫ్ట్‌వేర్‌ల ఉన్న చిన్న చిన్న తప్పులు సరిచేస్తే ఆ పని నిలబడ్తది. దీన్నే స్ప్రింట్ అంటరు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వాళ్లు అమెరికాల పెట్టే పైకాన్ సదస్సుల ఉపన్యాసాలు అయిపోయినంక కొన్ని రోజులు అచ్చంగా దీనికే పెడ్తరు. నేను సాఫ్ట్‌వేర్ పనిలనే ఉన్న, మాది హన్మకొండనే, అందుకే ఇంత గట్టిగ అడుగుతున్న.

చేయడానికి పని బోలెడుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఇంటర్నెట్ మ్యాప్‌ను ఎవరైనా దిద్దొచ్చు, ములుగు, భూపాలపల్లి దిక్కు తండాలు, చెరువులు, బడులు ఎక్కడున్నయో ఆ ఊరి పిల్లలకు తెలిసినంత ఇంకెవరికి తెలుస్తది? లిబ్రేఆఫీస్ (వర్డ్, ఎక్సెల్ లెక్క పనిచేసే ఉచిత సాఫ్ట్‌వేర్) మెనూలను తెలుగు చేయాలంటే కోడింగ్ అక్కర్లేదు, వెబ్లేట్ అనే అనువాద వెబ్‌సైట్‌ల బ్రౌజర్‌ నుంచే అయితది, కాకతీయ యూనివర్సిటీల తెలుగు ఎంఏ చదివేటోళ్లు మా అసుంటోళ్ల కన్నా మంచిగ చేస్తరు. ఇగ తెలుగు పీడీఎఫ్‌ల నుంచి ఒక పేరా కాపీ చేసి వేరే ఫైల్‌ల పేస్ట్ చేసి చూడండి, చాలాసార్లు వత్తులు ఒక దిక్కు, గుణింతాలు ఒక దిక్కు పోతయి. ఏ ఫాంట్‌తోని, ఏ వెర్షన్‌ల, ఏ అక్షరం కాడ చెడిపోతుందో రాసి స్క్రీన్‌షాట్ పెట్టి బగ్ రిపోర్ట్ ఇచ్చినా అది పెద్ద సాయమే.

అయితే ముందుగాల తయారీ లేకుంటే స్ప్రింట్ నడవదు. యాభై మంది ఒకేసారి ఒకే వైఫై మీద సోర్స్ కోడ్ డౌన్‌లోడ్ పెడితే మొదటి రోజు మధ్యాహ్నం దాంక ఎవ్వలకూ ఏమీ కాదు, అందుకే ముందురోజే పెన్‌డ్రైవ్‌లల్ల కాపీ చేసి పెట్టుకోవాలె. కొత్తోళ్లు ఒక పూటల ముగించగలిగే పనులు ఏరి లిస్ట్ రాయాలె, నలుగురైదుగురికి ఒక మెంటర్ ఉండాలె. అన్నిటికన్నా ముఖ్యం ఆ ప్రాజెక్టు మెయింటెయినర్లకు, అంటే దాన్ని నడిపేటోళ్లకు, ముందే చెప్పి ఒప్పించాలె. ఓపెన్ సోర్స్‌కు సాయం చేసినోళ్లకు టీషర్ట్ ఇచ్చిన 2020 హ్యాక్టోబర్‌ఫెస్ట్‌ల ఏమైందో ఈ పనిల ఉన్నోళ్లకు యాదికుంటది, ఫ్రీ టీషర్ట్ వస్తదని రీడ్‌మీ (ప్రాజెక్టు పరిచయం రాసే) ఫైల్‌ల ఒకటి రెండు మాటలు మార్చి వేలకొద్దీ పుల్ రిక్వెస్టులు (ఈ మార్పు తీసుకోండని అడిగేవి) పంపితే మెయింటెయినర్లు తలలు పట్టుకున్నరు, ఆఖరికి ప్రాజెక్టు వాళ్లు ఒప్పుకుంటేనే లెక్కలకు తీసుకోవాలని నడుమలనే రూల్ మార్చిన్రు. అందుకే ప్రైజులు వద్దే వద్దంటున్న. మధ్యాహ్నం అన్నం, సాయంత్రం చాయ్ ఉంటే చాలు.

రాత్రి కార్యక్రమం కూడా వద్దు. నర్సంపేట, పరకాల, జనగామ నుంచి వచ్చే ఆడపిల్లలు సాయంత్రం బస్సు అందుకోవాలె, రాత్రంతా అంటే వాళ్ల ఇంట్ల పంపరు, అసుంటి హ్యాకథాన్లకు వాళ్లు రాకపోవడానికి కారణం తెలివి తక్కువై కాదు. పొద్దుగాల తొమ్మిదికి మొదలుపెట్టి ఐదింటికి ఆపేద్దాం.

మా దగ్గర లేనిదల్లా జాగా. ఏదన్న ఇంజనీరింగ్ కాలేజీ రెండో శనివారం, ఆదివారం ఒక ల్యాబ్ తెరవాలె, కరెంటు పోతే జనరేటర్ ఉండాలె, గేటు కాడ ఐడీ కార్డు చూసి మా కాలేజీ కాదని వెనక్కి పంపొద్దు, డిగ్రీ, పాలిటెక్నిక్ పిల్లలను, ఉద్యోగం చేసేటోళ్లను కూడా రానియ్యాలె. గ్రంథాలయ సంస్థ వాళ్లు ఒక హాలు ఇచ్చినా సంతోషమే. ఎవరన్న ముందుకొస్తే దయచేసి మీ పేపర్ల వేయండి. హైదరాబాద్ నుంచి ఐదారుగురు మెంటర్లను కాజీపేటల రైలు దింపి తీసుకొచ్చే బాధ్యత, వాళ్ల చార్జీలతో సహా, నేను చూసుకుంట.

ఇట్లు,
ఒక పాఠకుడు, హన్మకొండ