కట్టెల కుక్కర్ ఆవిరి గొట్టానికి వాల్వు వద్దు

సంపాదకులకు నమస్కారం.

వంట చేస్తూనే గదిని వెచ్చబరచి, స్నానానికి వేడినీళ్లు కూడా ఇచ్చే కట్టెల రేంజ్ కుక్కర్ విశాఖ నగరానికి అక్కర్లేదు. మే నెల ఉక్కలో అంత పోత ఇనుమును వేడెక్కించి దాని పక్కన నిలబడి ఎవరు వండుతారు? పైగా జాతీయ శుద్ధ వాయు కార్యక్రమం కింద గాలి నాణ్యతను మెరుగుపరచుకోవలసిన నగరాల్లో మనదీ ఒకటి. నీళ్ల వరకే అయితే మేడ మీద సోలార్ హీటరు చాలు.

లంబసింగి, అరకు సంగతి వేరు. అక్కడి చలికి ఈ కుక్కర్ నిజంగా పనికొస్తుంది. స్వీడన్‌లో 1922లో ఇలాంటి పోత ఇనుప రేంజ్ కుక్కరే అయిన ‘ఆగా’ను రూపొందించిన గుస్టాఫ్ డాలెన్, అంతకు పదేళ్ల ముందు గ్యాస్ సిలిండర్ల ప్రయోగంలో జరిగిన పేలుడులో చూపు కోల్పోయిన మనిషి. మూసిన పాత్రలో ఒత్తిడి ఏం చేస్తుందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మనవాళ్లకు మాత్రం చెప్పవలసి వస్తోంది.

మంట గూటికి వెనుక ఉండే నీటి పెట్టెలో వేడెక్కిన నీరు తేలికై పైనున్న ట్యాంకులోకి ఎక్కుతుంది, దాని స్థానంలోకి చల్లనీరు దిగుతుంది. మోటారు లేదు కనుక కరెంటు పోయినా ఈ ప్రసరణ ఆగదు. అయితే గీజరు లాగా స్విచ్ కట్టేస్తే ఆరేది కాదు కట్టెల మంట. ట్యాంకు నిండా నీరు కాగిన తరువాత కూడా నిప్పు వేడినిస్తూనే ఉంటుంది, నీరు ఆవిరైతే సుమారు పదహారు వందల రెట్లు వ్యాకోచిస్తుంది. అందుకే ట్యాంకు పైనుంచి బయటికి తెరిచి ఉండే గొట్టం ఒకటి తప్పనిసరి.

గత శీతాకాలం అరకులో ఒక అతిథిగృహంలో స్థానికంగా వెల్డింగు చేయించిన కుక్కర్ చూశాను. ఆ గొట్టానికి గేటు వాల్వు వేసి, టెఫ్లాన్ టేపు చుట్టి బిగించారు. ఎందుకని అడిగితే, "నీళ్లు చిమ్ముతున్నాయండి, గోడంతా తడిసిపోతోంది" అన్నాడు పనివాడు. నీళ్లు చిమ్మాయంటే మంట ఎక్కువైందని గొట్టం చెబుతున్నట్టే. మంట తగ్గించాలి, ట్యాంకు నుంచి కొంత వేడినీరు వదలాలి, అంతేగాని దారి మూయకూడదు.

అదే పొయ్యిలో సిల్వర్ ఓక్ కొమ్మలు పచ్చిగానే వేస్తున్నారు, చివర్ల నుంచి నురుగు కారుతోంది. కట్టెలో తేమ ఇరవై శాతం లోపు ఉండాలంటే చీల్చి, గాలి ఆడే కొట్టంలో ఏడాది పాటు పేర్చి ఉంచాలి. పచ్చి కట్టెల పొగలోని తారు పొగగొట్టం లోపల పేరుకుని ఒకనాడు అంటుకుంటుంది. ఇక చలికి కిటికీలన్నీ బిగించిన గదిలో వాసన కూడా తెలియని కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం గురించి వేరే రాయనక్కర్లేదు.

అతిథిగృహాలకు అనుమతులిచ్చే అధికారులు గదులు, పడకలు లెక్కించేటప్పుడే ఆవిరి గొట్టం, పొగగొట్టం రెండింటినీ కూడా చూడాలని, వాల్వు ఉన్నచోట దాన్ని తీయించిన తరువాతే పొయ్యి వెలిగించనివ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత మెకానికల్ ఇంజినీరు,
విశాఖపట్నం