జబ్బు మనిషిని ఇంటికి పంపమని అడుగుతున్నాం

దేవరకొండ

దోస్తూ,

బాగున్నావా? పిల్లల పరీక్షలు అయిపోయాయా? మొన్న బస్సులో ఉన్నాను, ఫోన్‌లో ఏమీ మాట్లాడలేకపోయాం. "హత్య కేసులో పడ్డవాడి కోసం నువ్వెందుకు తిరుగుతున్నావు, చనిపోయినవాడి పెళ్లాం పిల్లల సంగతేంది?" అని అడిగావు కదా. అడగాల్సిన మాటే అడిగావు.

మా పక్క తండా మనిషి. జీవిత ఖైదు పడి హైదరాబాద్‌లో జైల్లో ఉన్నాడు. రెండు కిడ్నీలూ పోయాయి. డయాలసిస్‌కి వారానికి రెండు మూడుసార్లు ఆసుపత్రికి తీసుకుపోవాలి, పోయిన ప్రతిసారీ ఎస్కార్టు పోలీసులు ఉండాలి. ఎక్కడన్నా బందోబస్తు పడితే ఎస్కార్టు దొరకదు, ఆ రోజుకి డయాలసిస్ లేనట్టే. కాళ్లు వాచి, పడుకుంటే ఊపిరాడక, రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చుంటాడట. బాత్రూమ్‌కి కూడా తోటి ఖైదీలే పట్టుకుని తీసుకుపోతున్నారు, వాళ్లకు దండం పెట్టాలి. భార్య పత్తి ఏరే కూలి వదులుకుని ములాఖత్‌కి పోతుంది. దూరం నుంచి చూసి, నాలుగు మాటలు మాట్లాడి తిరిగి వస్తుంది.

చనిపోయినాయన భార్య కూడా నాకు తెలుసు. ఆమె బాధ తక్కువదని నేనెప్పుడూ అనను. ఆమెకు పరిహారం రావాలన్నా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకే దరఖాస్తు పెట్టాలి, ఆ పని కూడా చూస్తున్నాను. కానీ ఇతను ఊపిరాడక కూర్చుంటే ఆమెకు ఒరిగేదేముంది, చెప్పు? కోర్టు వేసింది ఖైదు. వైద్యం అందకపోవడం ఆ శిక్షలో లేదు.

చట్టంలో దారి ఉంది. శిక్ష తగ్గించే అధికారం ప్రభుత్వానిది. పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో 432వ సెక్షన్, 2024 జులై నుంచి దాని చోట వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 473. అయితే మరణశిక్షకు వీలున్న నేరంలో జీవిత ఖైదు పడితే 14 ఏళ్లు లోపలే ఉండాలి. రాజ్యాంగం 161వ అధికరణం కింద గవర్నర్ ఇచ్చే క్షమాభిక్షకు ఈ 14 ఏళ్ల అడ్డు లేదు. మేం పెడుతున్నది ఆ దరఖాస్తే.

చిక్కంతా డాక్టర్ కాగితం దగ్గర వస్తోంది. ఇక ఎక్కువ రోజులు బతకడని రాసిస్తేనే ఫైలు కదులుతుందని అందరూ చెబుతున్నారు. ఏ డాక్టరైనా అది రాయడానికి జంకుతాడు. డయాలసిస్ వేళకు జరిగితే ఏళ్లు బతకొచ్చు, తప్పితే వారంలో పోవచ్చు. అందుకే, ఎప్పుడు పోతాడని అడిగే బదులు ఈ జబ్బుకి కావాల్సిన వైద్యం జైలు వేళకు అందించగలుగుతోందా అని అడగాలంటాను. స్వాతంత్ర్యం వచ్చి 75 ఏళ్లయిన అమృత మహోత్సవాలప్పుడు, 2022, 2023 ఆగస్టు 15కి, మధ్యలో జనవరి 26కి, చావుకు దగ్గరైన ఖైదీలను కూడా వదలమని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. మంచి పనే. జబ్బు మాత్రం పండగ దాకా ఆగదు.

శిక్షే పడని రిమాండు ఖైదీల సంగతి ఇంకా అన్యాయం. భీమా కోరెగావ్ కేసులో రిమాండులో ఉన్న, ఆదివాసీల కోసం పనిచేసిన ఫాదర్ స్టాన్ స్వామి గారు గుర్తున్నారా? 84 ఏళ్లు, పార్కిన్సన్స్ జబ్బు. 2021 జులై 5న, బెయిల్ పిటిషన్ విచారణకు వచ్చిన రోజే పోయారు. అదే కేసులో మన వరవరరావు గారికి 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆరోగ్యం చూసి బెయిల్ ఇచ్చింది. ఆయన వెనక మంచి లాయర్లు ఉన్నారు, నలుగురూ మాట్లాడారు. తండావాళ్ల కోసం ఢిల్లీ దాకా ఎవరు పోతారు? కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో పని లేకుండా, ఉచితంగా లాయర్‌ను ఇవ్వాలి. 15100కి ఫోన్ చేస్తే చాలు. ఆ సంగతి మొన్నటిదాకా వాళ్లింట్లో ఎవరికీ తెలియదు.

ఇంటికొస్తే నల్లగొండ ప్రభుత్వాసుపత్రిలో డయాలసిస్ చేయించొచ్చు, ఆరోగ్యశ్రీ ఉంది. కొడుకు ఆటో నడుపుతాడు, తానే తీసుకుపోతానన్నాడు.

నీతో ఒక పని పడింది. మీ వదిన డయాలసిస్ నర్సు కదా. డయాలసిస్ తప్పిన తేదీలు, ఆ రోజుల బరువు, బీపీ ఏ వరుసలో రాస్తే మెడికల్ బోర్డు పక్కన పెట్టకుండా చదువుతుందో అడిగి చెప్పు. కాగితాల జిరాక్సులు నీ వాట్సాప్‌కి పంపుతున్నా. ఆదివారంలోపు చూడమను, సోమవారం లాయర్ దగ్గరికి పోవాలి.

నీ దోస్తు