దావాలకు జడిసి మానింది ఎందరు?

సంపాదకుడికి,

ఇంటర్నెట్ నుంచి పాటలు దొంగచాటుగా దింపుకునేవారిపై కేసులు పెడితే దారికొస్తారన్న పాఠకుడి లేఖ చదివాను. ఆ ముచ్చట 2003లో అమెరికాలో చదువుకుంటూ కళ్లారా చూశాను. ఆ సెప్టెంబరులో రికార్డింగ్ కంపెనీల సంఘం 261 మందిపై దావాలు వేసింది. వారిలో న్యూయార్క్‌లోని పన్నెండేళ్ల పిల్ల కూడా ఉంది! తల్లి 2,000 డాలర్లకు రాజీపడింది.

మా గదిలో గుబులు పుట్టిన మాట నిజం. ఒక మిత్రుడు పాటలు ఒకరితో ఒకరు పంచుకునే కజా సాఫ్ట్‌వేర్‌లో తన పాటల ఫోల్డరు ఇతరులకు కనిపించకుండా మూసేశాడు. దింపుకోవడం మాత్రం ఆపలేదు. పంచేవారినే పట్టుకుంటున్నారని అతని లెక్క. మరొకడు అన్నీ సీడీల్లోకి ఎక్కించి నేరుగా మిత్రుల చేతికే ఇచ్చాడు. విండోస్ కంప్యూటర్లకు ఆపిల్ వారి పాటల దుకాణం ఐట్యూన్స్ వచ్చాక ఇద్దరూ పాట 99 సెంట్ల చొప్పున ఇంగ్లీషు పాటలు కొన్నారు. తెలుగు పాటలకు పాత దారే. 2008 చివర్లో ఆ సంఘమే మూకుమ్మడి దావాలు ఆపేస్తున్నట్టు ప్రకటించింది.

- ఒక పాఠకుడు, విజయవాడ