రేపు పిల్లలకు పాత బట్టలు వేయండి

అమ్మలకు, నాన్నలకు నమస్కారం. రేపు మట్టి ఆట ఉంది, కాబట్టి పాత బట్టలే వేసి పంపండి.

ఈరోజు పళ్లెంలో రాగిపిండి పోసి పెట్టాం. మూడేళ్ల పాప ఒకతి మొదట వేలి కొన మాత్రమే ఆనించింది. కాసేపటికి మోచేతుల దాకా పిండే! నీళ్లు పోశాక ముద్ద చేసి, "టీచర్, సంగటి" అంటూ నా చేతిలో పెట్టింది. పొడి, తడి, జిగట అన్న మాటలు తనకు ఆ ముద్దలోనే తెలిశాయి. రేపు బలపం పట్టే వేళ్లకు బలం వచ్చేదీ ఇలా పిసికితేనే.

కళ్లు మూసి వాసన పట్టిస్తే తోతాపురి కాయను అందరూ చెప్పేశారు. చిత్తూరు పిల్లలు కదా!

"అక్షరాలు ఎప్పుడు రాయిస్తారు?" అని కొందరు అడుగుతున్నారు. మీ టెన్షన్ నాకు అర్థమవుతుంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా 3 నుంచి 8 ఏళ్ల వయసును పునాది దశగా పెట్టి, ఆటలతో నేర్పమనే చెబుతోంది. దయచేసి తొందరపెట్టకండి.

ఇంట్లో చింతగింజలు, శనగలు ఇచ్చి ఆడిస్తే మాత్రం పక్కనే కూర్చోండి. నోట్లో, ముక్కులో పెట్టేసుకుంటారు.

మట్టి ముట్టుకోవడానికి భయపడే పిల్లలుంటే నాకు ముందే చెప్పండి. బలవంతం చేయం, చెంచాతో మొదలుపెడతాం.